కంగారు మా ఇంటి ఉత్పత్తి

మా సున్నపుబట్టీ వీధిలో ప్రతి ఇంట్లోనూ విడివిడిగా పప్పు వండుకుంటున్నారన్న సంగతి పైవాళ్లకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వారంలోనే అధికారి వచ్చారు.

ఆయన పేరు పరబ్రహ్మం గారు. వీధుల ఉత్పాదకత విభాగానికి సహాయ సంచాలకులు. స్కూటరు మా ఇంటి ముందు ఆపి, తల పైకెత్తి, మా పోపు వాసన పీల్చారు. పక్కింటి ముందుకు నడిచి అక్కడా పీల్చారు. అలా వీధి చివర, వాన నీళ్లు నిండిన పాత సున్నపు గుంట దాకా పీల్చుకుంటూ వెళ్లి, తిరిగి వచ్చేసరికి మనిషి నీరుగారిపోయారు. ఒకే వీధిలో, ఒకే పూట, ఒకే పప్పు, ఇన్ని పొయ్యిల మీద. దేశం ఎందుకు వెనకబడి ఉందో ఆ రోజే అర్థమైందని తర్వాత మీటింగులో చెప్పారు.

మీటింగు రేషన్ షాపు అరుగు మీద పెట్టారు. బట్ట బాగా నేసే దేశం బట్టే నేయాలి, గోధుమ బాగా పండే దేశం గోధుమే పండించాలి, ఆ తర్వాత ఇద్దరూ మార్చుకోవాలి, అప్పుడు ఇద్దరూ బాగుపడతారని ఆయన వివరించారు. ఈ పాఠం మా తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలో చివరెక్కడో ఉండేది. మేం అక్కడికి రాకముందే నాకు పెళ్లి చేశారు. అందుకని మిగిలిన వాళ్లకంటే నేను ఎక్కువ శ్రద్ధగా విన్నాను.

"సోదరీమణులారా, ఎవరికి ఏ పనియందు మెరుగుదల కలదో వారు ఆ పని మాత్రమే చేయవలెను. తక్కినవి ఇతరుల నుండి పొందవలెను. తద్వారా వీధి అభివృద్ధి చెందును. వీధి చెందినచో వార్డు, వార్డు చెందినచో పట్టణము, అట్లే ప్రపంచము."

మా ఎదురింటి రాహేలక్క లేచింది. ఆమెకు అధికారులంటే భయం లేదు, ఆకలంటేనే భయం.

"అయ్యా, పప్పు వండేదానికి జొరమొస్తే మరి వీధంతా పస్తేనా?"

దాన్ని సరఫరాలో తాత్కాలిక అంతరాయం అంటారనీ, దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉందనీ ఆయన సెలవిచ్చారు. పేరు వినగానే రాహేలక్క స్థిమితపడి కూర్చుంది. పేరున్న రోగానికి మందు కూడా ఉంటుందని ఆమె నమ్మకం.

సోమవారం నుంచి ఇంటికి ఒకటే పని అన్నారు. ఒక ఇంటికి కేటాయించిన పని మరో ఇంట్లో చేస్తే అది వృథా కిందికి వస్తుందట. వృథా ఇకమీదట నేరం.

ఎవరి ప్రతిభ ఏమిటో తేల్చడానికి ఆయన ఇల్లిల్లూ తిరిగారు. రాహేలక్క పప్పు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఆమెకు పప్పు వచ్చింది, పిల్లలకు బువ్వ పెట్టడం కూడా దాని కిందికే వస్తుందట. మా ఎడమ పక్కింటి మస్తాన్‌బీ పిన్ని చేతుల్లో నీళ్లు పోసుకున్న పిల్లలెవరూ ఏడవరు, ఆమెకు స్నానాలు వచ్చాయి. రెండిళ్ల అవతల ఉండే ఆదిలక్ష్మత్త జోకొడుతుంటే వీధి చివర కుక్క కూడా ఆవులిస్తుంది, ఆమెకు నిద్ర వచ్చింది. పంపు దగ్గరి మూలింటావిడకు ఏం రాదని అందరూ అనుకున్నాం గానీ, ఆయన అక్కడ కాసేపు నిలబడి విని, తగాదాలు ఇచ్చారు. ఇక బిందెల వరసలో మా అందరి తరఫునా ఆమె ఒక్కతే తిట్టాలి.

చివరికి మా ఇంటికి వచ్చారు. ఇంట్లో నేనూ, మా పాప మోక్షితా ఉన్నాం. మా ఆయన ఏడుకొండలు లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. పాపకు అప్పుడు రెండో ఏడు నడుస్తోంది. నా పప్పు రుచి చూసి పరబ్రహ్మం గారు మంచినీళ్లు అడిగారు. నా ముగ్గు చూసి తల తిప్పుకున్నారు.

"దేంట్లోనూ పనికిరానని రాసుకోండి సార్," అన్నాను.

ఆయన దయగా నవ్వారు. "అట్లు నిరుత్సాహపడరాదమ్మా. ఈ సూత్రము యొక్క గొప్పతనమే అది. ఏ పనినీ గొప్పగా చేయనక్కరలేదు. తక్కువ అధ్వాన్నముగా దేనిని చేయుదురో అది చాలును."

ఆయన ఆ మాటలు పూర్తి చేసేలోగా నేను పాప నోట్లో రిమోటు బ్యాటరీ ఏమైనా ఉందేమోనని వేలు పెట్టి చూశాను. గ్యాసు కట్టేశానో లేదోనని లోపలికి పోయి వచ్చాను. మస్తాన్‌బీ పిన్ని కోళ్లు మా పెరటి గోడ కంతలోంచి వచ్చి పాప చెయ్యి పొడుస్తాయేమోనని తోలి వచ్చాను. ఆ కంత చూసి ఆయన సరిహద్దులో అక్రమ రాకపోకలని ఏదో రాసుకున్నారు. ఇంత ఎండలో తిరుగుతున్నారు, ఆలస్యమవుతుందని ఇంట్లో చెప్పి వచ్చారా అని ఆయన్ని అడిగాను. జేబులో పెన్ను కారుతోందేమో చూసుకోమన్నాను. ఆయన సెలవు తీసుకుని స్కూటరు ఎక్కి కదిలించగానే గుమ్మంలోంచి అరిచాను.

"సార్, స్టాండు తియ్యలేదు. మలుపులో పడతారు."

ఆయన వంగి చూశారు. స్టాండు నిజంగానే కిందికి ఉంది. స్కూటరు ఆపి, నెమ్మదిగా దిగి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"అమ్మా, మీరు ఈ పని ఎంత కాలముగా చేయుచున్నారు?"

"ఏ పని సార్?"

"ఇదే."

మర్నాడే మా గోడ మీద బోర్డు రాశారు. ఆదుర్దా ఉత్పత్తి కేంద్రం. దాని కింద చిన్న అక్షరాలతో, పనివేళల్లో కేంద్ర నిర్వాహకురాలు వీధి వైపు ముఖము పెట్టి కూర్చుండవలెను అని. మా వీధి వాళ్లకు ఆదుర్దా అన్న మాట నోరు తిరక్క కంగారు కొట్టు అని పిలిచారు. ఆ రాత్రి మా ఆయన వచ్చి బోర్డు చదువుకుని, చెప్పులు విప్పుతూ అన్న మాట ఒక్కటే.

"ఎట్టాగూ చేస్తానే ఉంటివిగా. ఇప్పుడు బోర్డు కట్టారు, అంతేగా."

నాకు అంతే కాదు. రోజంతా గుమ్మంలో కూర్చుంటే పాపనెవరు చూస్తారని పరబ్రహ్మం గారిని అడిగాను. ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. స్నానం మస్తాన్‌బీ, బువ్వ రాహేలు, నిద్ర ఆదిలక్ష్మి. వీధిలో ఆయా పనుల్లో అందరికంటే మిన్నయిన వాళ్లు. ఇంతకంటే పాపకు ఏం కావాలన్నారు. మరి నేనేం చెయ్యాలని అడిగాను.

"తల్లి అనునది ఒక పని కాదమ్మా, అనేక పనుల కలగాపులగము. దానిని విడగొట్టినచో నాణ్యత పెరుగును."

 అది కాదని చెప్పే జవాబు కూడా తొమ్మిదో తరగతి పుస్తకంలో చివర్లో ఉండి ఉంటుందనుకున్నాను.

కొట్టు బాగా నడిచింది. పొద్దున్నే ఆడవాళ్లు వచ్చి ఎవరి కంగారు వాళ్లు నాకు అప్పజెప్పి పోయేవాళ్లు. కొడుకు కొత్త బండి మీద కాలేజీకి పోయాడు, ఆదిలక్ష్మత్తది. మొగుడు బీపీ బిళ్ల వేసుకున్నాడో లేదో, రాహేలక్కది. దుబాయిలో ఉన్న తమ్ముడి ఫోను రాలేదు, మస్తాన్‌బీ పిన్నిది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని వరసగా ఒక్కొక్కదానికీ పడేదాన్ని. ముందు గుండె దడ, తర్వాత అరచేతుల్లో చెమట, ఆ తర్వాత లేచి వీధి చివరిదాకా చూసి మళ్లీ కూర్చోవడం. దేన్నీ సగంలో వదిలేదాన్ని కాదు. వాళ్ల తమ్ముడి గురించి వాళ్లు పడే దానికంటే నేను ఎక్కువ పడ్డానని మస్తాన్‌బీ పిన్ని మెచ్చుకుంది కూడా. మారకంగా మధ్యాహ్నానికి పప్పు వచ్చేది. నిజం చెప్పాలి, రాహేలక్క పప్పు ముందు నాది కడుగునీళ్లే.

వీధిలో ఆడవాళ్ల మొహాలు నెల తిరక్కుండానే పెళ్లికూతుళ్ల మొహాల్లా నిగనిగలాడాయి. ఆదిలక్ష్మత్త జన్మలో మొదటిసారి మధ్యాహ్నం పూట గురక పెట్టి నిద్రపోయింది. అయితే దానితో పాటు కొన్ని చిన్న చిన్న విషయాలు జరిగాయి. ఆవకాయ జాడీ మీద మూత ఎవరూ పెట్టక బూజు పట్టింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే రాహేలక్క చూస్తూ నిలబడి, అది కోటేశ్వరి చూసుకుంటదిలే అంది. కోటేశ్వరి అంటే నేనే. నేను కంగారు పడుతున్నాను గానీ పొయ్యి వీధి అవతల ఉంది. వాళ్ల పొయ్యి దగ్గరికి పోయి కట్టేయవచ్చా అని పరబ్రహ్మం గారిని అడిగితే, కంగారు పడటం ఒక పరిశ్రమ, దానిమీద చర్య తీసుకోవడం అనుబంధ పరిశ్రమ, రెండోది ఇంకా మంజూరు కాలేదన్నారు.

పాప విషయం చెప్పాలి. అది పొద్దున మస్తాన్‌బీ పిన్ని ఇంటికి పోయేది, అక్కణ్ణించి రాహేలక్క ఇంటికి, తర్వాత ఆదిలక్ష్మత్త ఒళ్లోకి. వీధిలో ఎవరు ఎటు పోతుంటే వాళ్లు చంకనేసుకుని ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి దాటించేవాళ్లు. ఎక్కడా ఏడవలేదు. బుగ్గలు వచ్చాయి. మాటలు వచ్చాయి. మస్తాన్‌బీ పిన్నిని నీళ్లమ్మ అంది, రాహేలక్కను బువ్వమ్మ అంది, ఆదిలక్ష్మత్తను జోజమ్మ అంది. రోజూ ఎవరి చంకలోనో మా గుమ్మం ముందు నుంచి పోతూ కుర్చీలో ఉన్న నన్ను చూసి చెయ్యి ఊపేది.

"టాటా," అనేది.

ఎవరి కంగారైనా పడగలిగాను గానీ ఆ టాటా దగ్గర నా చేతులు చల్లబడేవి. రాత్రి దాన్ని ఇంటికి చేర్చేసరికి నిద్రలో ఉండేది. ఇట్లాగే సాగితే దానికి ఊహ తెలిసేనాటికి నేను గుమ్మంలో కూర్చునే మనిషిగా మిగిలిపోతానని భయం పట్టుకుంది. ఒకరోజు పరబ్రహ్మం గారితో ఈ మాట చెప్పాను. ఆయన విచారంగా తలూపి, ఇది స్వంత వినియోగం కిందికి వస్తుందన్నారు. ఉత్పత్తిదారు తన సరుకు తనే తినేస్తే వీధికి ఏం మిగులుతుంది. నా పాప గురించిన కంగారు దీపాలు పెట్టాకే పడాలని నియమం చేశారు.

అప్పటికే మా సరుకు ఎగుమతి అవుతోంది. పక్క వార్డు నుంచి వచ్చారు. బస్టాండు వెనక వీధి నుంచి వచ్చారు. నాణ్యత చూడటానికి ఒకాయన వచ్చి, రాని బస్సుల మీద నా కంగారు చిక్కగా ఉందనీ, మిరప ధర మీద మాత్రం పలచబడిందనీ తేల్చాడు. మూలింటావిడ తగాదాలు కూడా బాగా పోయాయి, పెళ్లివారు వచ్చి మాట్లాడుకుపోయేవారు. పరబ్రహ్మం గారి స్కూటరు పోయి జీపు వచ్చింది.

జీపులో తిరిగేసరికి ఆయన కంటికి ఒక లోపం కనబడింది. పిల్లల్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎవరు పడితే వాళ్లు మోసుకుపోతున్నారు. అది అసంఘటిత రంగమని ఆయన కనిపెట్టారు. స్నానం చేయించే వాళ్లు స్నానమే చేయించాలి, బువ్వ పెట్టే వాళ్లు బువ్వే పెట్టాలి. మోసేపనికి వేరే ఇల్లు చూస్తామనీ, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదనీ ఆదేశించారు. అప్పటిదాకా పిల్లలు ఎట్లా దాటాలని రాహేలక్క అడిగింది. అది పరిశీలనలో ఉందన్నారు.

ఆదేశం వచ్చిన రెండో రోజే విదేశాల నుంచి బృందం వచ్చింది. మా వీధి నమూనాను ప్రపంచంలో వెనకబడిన దేశాలన్నిటికీ పంచుదామని చూసిపోవడానికి వచ్చారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక తెల్లావిడ వాళ్లకు పెద్ద. ఆమె మాటలు తెలుగులో చెప్పడానికి పక్కన ఒకాయన. నా కుర్చీకి ఎదురుగా వాళ్లకు కుర్చీలు వేశారు. పరబ్రహ్మం గారు కొత్త చొక్కా వేసుకుని నా వెనక నిలబడి, మొదలుపెట్టమ్మా అన్నారు.

ఆమె పెట్టెలు విమానంలో సరిగ్గా వచ్చాయా అని మొదలుపెట్టాను. హోటల్లో నీళ్లు కాచి ఇస్తున్నారా అన్నాను. ఆమెకు పిల్లలున్నారా, వాళ్ల దగ్గర ఎవరున్నారని అడిగాను. ఒక కొడుకున్నాడట, బడి హాస్టల్లో ఉంటాడట. వాడి గురించి కొంచెం పడ్డాను. పక్కాయన నా ప్రతి నిట్టూర్పునూ ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. తెల్లావిడ ముందుకు వంగి వింటోంది.

ఆ మధ్యలో నాకు ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటా అని చూస్తే, ఆ పూట పాప నాకు టాటా చెప్పలేదు.

ఎండ మా గడప దాటి లోపలికి వచ్చింది. ఆ సరికి పాప స్నానమై బువ్వ దగ్గరికి పోవాలి. వీధిలో ఎవరి చంకలోనూ లేదు. ఎవరూ ముట్టుకోకూడదు కదా. నేను లేచాను.

"కూర్చుండుము తల్లీ, ప్రదర్శన మధ్యలో ఉన్నది," అన్నారు పరబ్రహ్మం గారు.

నేను మస్తాన్‌బీ పిన్ని గుమ్మంలోకి పోయాను. ఆమె తుండు ఆరేస్తోంది.

"పిన్నీ, పాపేది?"

"నీళ్లు పోశా, పౌడరేశా, పెరటి మెట్టు మీద కూచోబెట్టా. నా పని అయిపోయిందమ్మాయ్."

వీధి దాటి రాహేలక్క ఇంటికి పోయాను. బువ్వ మెదిపి గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. ఇంకా రాలేదంది. ఆలస్యమైతే చల్లారిపోతుందని మాత్రం అంది. ఆదిలక్ష్మత్త చాప పరిచి సిద్ధంగా ఉంది. బువ్వ తిన్నాకే కదా నా దగ్గరకొచ్చేది అంది. ముగ్గురూ తమ తమ పని ఏ లోపమూ లేకుండా చేసి ఉన్నారు. ముగ్గురి మొహాలూ నిగనిగలాడుతున్నాయి. పాప మాత్రం ఏ పనిలోనూ లేదు.

నేను వీధి మధ్యలో నిలబడిపోయాను. ఒక పక్క లారీలు తిరిగే రోడ్డు. ఇంకో పక్క సున్నపు గుంట. ఇన్నాళ్లూ ఇంతమంది కంగారు పడ్డాను గదా, ఆ నిమిషం నా దగ్గర అరచేతుల్లో చెమట కూడా లేదు. గుంట వైపు పరిగెత్తాను.

వెనక రాహేలక్క చేతిలో గిన్నె కింద పడిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత జరిగింది నేను సగమే చూశాను. రాహేలక్క రోడ్డు వైపు పరిగెత్తింది, చెంగు జారినా చూసుకోకుండా. మస్తాన్‌బీ పిన్ని ప్రతి ఇంటి పెరట్లోకీ దూరి, అల్లా అల్లా అంటూ నీళ్ల తొట్ల మూతలు తీసి చూసింది. మూలింటావిడ బిందె విసిరేసి, లారీలకు అడ్డంగా నిలబడి, ఒక్కడు కదిలితే ఒట్టని డ్రైవర్లను తిట్టింది. ఇంకా పేరైనా తెలియని వాళ్లు మంచాల కింద చూశారు, బీరువాల వెనక చూశారు. వీధి వీధంతా, ఎవరికీ కేటాయించని కంగారు పడింది. ఆగండి, ఇది నిబంధనలకు విరుద్ధమని పరబ్రహ్మం గారు అంటూ ఉన్నారు. అంటూనే వంగి జీపు కింద చూశారు.

గుంటలో నీళ్లు కదలడం లేదు. ఒడ్డున చిన్న పాదాల గుర్తులేమీ లేవు. అది మంచిదో చెడ్డదో తేల్చుకోలేక వెనక్కి వచ్చాను. మా ఆయనకు ఫోను చెయ్యమని ఆదిలక్ష్మత్త నా ఫోను కోసం మా ఇంట్లోకి పోయింది. పోయిన మనిషి కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నన్ను చేత్తో పిలిచింది. గొంతు అస్సలు పైకి రాలేదు. పిల్లలు నిద్రపోయేచోట ఆమె గొంతు ఎప్పుడూ పైకి రాదు.

"అమ్మాయ్, చప్పుడు చెయ్యకుండా రా."

తలుపు మూల, మడత పెట్టకుండా వదిలేసిన నా పాత చీర మీద పాప పడుకుని ఉంది. జుట్టు ఇంకా తడిగా ఉంది. మోకాళ్లకు గోడ కంతలోని మట్టి అంటుకుంది, పక్కన ఒక కోడి కూడా కూర్చుని ఉంది. మీ ఇంటికి పొమ్మని ఎవరూ అనలేదు, ఎవరూ మోయలేదు, ఎవరూ జోకొట్టలేదు. నేను వీధికేసి మొహం పెట్టి తెల్లావిడ పెట్టెల గురించి కంగారు పడుతున్నంతసేపూ అది నా కుర్చీ వెనకే నిద్రపోయింది.

ఎత్తుకున్నాను. కళ్లు తెరిచి చూసింది. టాటా చెప్పలేదు. నా జాకెట్టు చెయ్యి గుప్పెట్లో పట్టుకుని మళ్లీ కళ్లు మూసుకుంది.

గుమ్మం దగ్గర వీధంతా గుమిగూడి, ఒకరి చెమట ఒకరు తుడుచుకుంటున్నారు. అది ఏ శాఖ కిందికి వస్తుందో తెలియక పరబ్రహ్మం గారు కలం పట్టుకుని ఊరికే నిలబడ్డారు. తెల్లావిడ మాత్రం కుర్చీలోంచి లేచి, ఫోను తీసి, గోడ వారకు పోయి మాట్లాడుతోంది. ఏమంటోందని రాహేలక్క పక్కాయన్ని అడిగింది.

"వాళ్లబ్బాయితో మాట్లాడుతున్నారండీ. అన్నం తిన్నావా అంటున్నారు."

వారం తిరగకుండా పథకం రద్దయింది. కారణం పై నుంచి వచ్చిన ఆదేశంలో చదివి వినిపించారు. వీధిలోని అన్ని గృహములయందు ఒకే సమయమున, అనుమతి లేకుండా, భారీ పరిమాణములో ఆదుర్దా ఉత్పత్తి అయినందున సూత్రమునకు భంగము వాటిల్లినది. ఇంటింటా తయారయ్యే సరుకును ఎగుమతి చేయలేరట. బోర్డు మీద సున్నం కొట్టారు. జీపు వెనక్కి పోయింది. ఆ పూట వీధిలో ప్రతి ఇంట్లోనూ విడివిడిగా పోపు వేసిన వాసన వచ్చింది. రాహేలక్క నా పప్పు రుచి చూసి, నీకు ఇంకా రాలేదే కోటీ అని, తన గిన్నెలోది కొంచెం పెట్టి పోయింది. గోడ కంత మూయించమని మస్తాన్‌బీ పిన్ని అన్నది గానీ నేనే వద్దన్నాను.

ఈ మధ్య ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, మా ఇంటి ముందు స్కూటరు ఆగింది. పరబ్రహ్మం గారు. పోపు వాసన పీల్చలేదు. సున్నం కొట్టిన బోర్డు కేసి చూసి, గొంతు సవరించుకున్నారు. వాళ్లమ్మాయి మొదటిసారి ఒంటరిగా బస్సెక్కి హైదరాబాదు ఉద్యోగానికి పోయిందట. చేరుతూనే ఫోను చేస్తానన్నదట. చెయ్యలేదట. చేస్తే కలవడం లేదట.

"అమ్మా, మీ వద్ద పాత నిల్వ ఏమైనా ఉన్నదా?"

లైసెన్సు రద్దయింది గదా సార్ అన్నాను. ఆయన తల వంచుకున్నారు. ఆ తల చూశాక ఉండలేక, పాత కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసి, వీధి వైపు మొహం పెట్టించి కూర్చోబెట్టాను. ఫోను చేతిలో పట్టుకోమన్నాను.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అన్నారు. ఆ వ్యాకరణం, ఆ గాంభీర్యం ఏమీ లేవు. మా వీధిలో అందరూ మాట్లాడినట్టే అడిగారు.

"ఏం చెయ్యొద్దు సార్. అదే వచ్చిద్ది."

పాపను చంకనేసుకుని లోపలికి పోయి పప్పు పొయ్యి మీద పెట్టాను. లోపలి నుంచి చూస్తున్నాను. ముందు కాసేపు కాలు ఊపారు. తర్వాత అరచెయ్యి పంట్లాముకు తుడుచుకున్నారు. లేచి వీధి చివరిదాకా పోయి, అక్కడ హైదరాబాదు కనిపించనట్టు తిరిగి వచ్చి, మళ్లీ కూర్చున్నారు. మళ్లీ లేచారు. ఏ శిక్షణా లేదు. అయినా చాలా బాగా చేశారు. రాహేలక్క తన గుమ్మంలోంచి చూసి, ఏమైందని నన్ను కళ్లతోనే అడిగి, ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, వెళ్లిపోకుండా పక్కనే నిలబడింది. మస్తాన్‌బీ పిన్ని కూడా వచ్చింది.

పప్పు ఉడికే వేళకు ఫోను మోగింది. అమ్మాయి ఫోనులో ఛార్జింగు అయిపోయిందట. ఆయన ముందు నవ్వారు, తర్వాత బాగా తిట్టారు, ఆ తర్వాత అన్నం తిన్నావా అని అడిగారు.

సెలవు తీసుకుని స్కూటరు ఎక్కారు. నేను అలవాటుగా నోరు తెరిచాను. చెప్పనక్కర్లేకపోయింది. బండి కదిలించబోయి ఆయనే ఆగి, వంగి, స్టాండు తీశారో లేదో చూసుకున్నారు. నాలుగడుగులు పోయాక మళ్లీ ఆగి ఇంకోసారి చూసుకున్నారు.

పాప నా చంకలోంచి ఆయనకు చెయ్యి ఊపింది.

"టాటా," అంది.